రెండు స్క్రూల సిలువ

జూన్ 14, శనివారం

పాత డైరీ అయిపోయింది. కొత్తది స్టెల్లా ఇచ్చింది. జనవరిలో బట్టల షాపువాళ్ళు ఫ్రీగా ఇచ్చినదట, జూన్ దాకా దాచింది. నా భార్య ఏదైనా దాచగలదు, కోపం తప్ప.

ఈ రోజు బీపీ టేబుల్. ప్రతి శనివారం చర్చి గేటు బయట టేబుల్ వేసి వీధిలోవాళ్ళకు బీపీ చూస్తాం, మాత్రలిస్తాం. లోపల వేస్తే సగం మంది రారు. గేటు లోపల దేవుడు, గేటు బయట బీపీ. నా ఐడీ కార్డు మీద 'ఔట్‌రీచ్ ఇన్‌చార్జి, ఏబెల్' అని ఉంటుంది. వ్యాను తోలేవాడు, మైకు సర్దేవాడు, శవం పెట్టె మోసేవాడు, ముగ్గురికీ కలిపి పెట్టిన పేరు అది. సత్యవేడు పక్క పల్లెలో పదో తరగతి రెండుసార్లు తప్పినవాడికి ఇంతకంటే పెద్ద ఇంగ్లీషు ఎవరిస్తారు.

నాగులమ్మకు 180 ఉంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. బస్టాండు దగ్గర లాడ్జీలో ముప్పై ఏళ్ళు రూములు ఊడ్చింది. మాత్ర వేసుకోలేదా పెద్దమ్మా అన్నాను. నేను ఏసుకున్నా అబ్బోడా, నీ మిషనే ఏసుకున్నట్టు లేదు అనింది. యాభై ఆరేళ్ళ నన్ను అబ్బోడా అని పిలిచేది ఈ భూమ్మీద ఆమె ఒక్కతే.

జూన్ 17, మంగళవారం

మా చర్చి ఫ్రీజర్ బాక్స్ పక్క వీధికి వెళ్ళింది. వీధిలో దాన్ని ఐస్‌పెట్టె అంటారు. ఎవరు పోయినా, ఏ దేవుడి మనిషైనా, ఉచితం. తలవైపు జానెడు స్టీలు సిలువ ఉంటుంది, రెండు స్క్రూలతో బిగించి. హిందువుల ఇంటికి పోతే వాళ్ళు అడగకముందే విప్పి జేబులో వేసుకుంటాను. పెట్టె తిరిగొచ్చాక మళ్ళీ బిగిస్తాను. ఏడుస్తున్నవాళ్ళ చేత అడిగించుకోకూడదు అని పాత పాస్టరయ్య నేర్పిన పద్ధతి.

గోవిందస్వామి భార్య నిర్మలమ్మ రెండేళ్ళ కింద ఈ పెట్టెలోనే పడుకుంది. నాగులమ్మ ఎదురిల్లే వాళ్ళది. ఆ రోజు స్క్రూలు పట్టేశాయి. గోవిందస్వామే నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని విప్పాడు. సిలువను కింద పెట్టలేదు. తన తువ్వాలులో చుట్టి నా చేతికిచ్చాడు. మంచి మనిషి.

జూన్ 25, బుధవారం

నాగులమ్మ ఇంట్లో ప్రార్థన. తలుపు దగ్గరికి వేసి, పాట గొంతులోనే పాడుకోవాలి. ఆమె పదకొండేళ్ళ కింద బాప్తిస్మం తీసుకుంది. రిజిస్టర్లో రాయలేదు, రాయొద్దని తనే అడిగింది. కాగితం మీద క్రైస్తవులైతే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. మనవరాలు రేవతి చదువుకుంటోంది. మా చర్చిలో సగం మంది ఇంతే. ఆదివారం కూర్చోను చోటుండదు, రిజిస్టర్లో మాత్రం బోలెడు చోటు. నాది బీసీ-సీ సర్టిఫికెట్, మతం మారిన ఎస్సీలకిచ్చేది. నాకెట్లాగూ ఎవరూ ఉద్యోగం ఇవ్వరు కాబట్టి నిజాయితీగా ఉండగలిగాను.

అందరూ పోయాక నాగులమ్మ నన్ను ఆపింది. నేను సచ్చినాక ఐస్‌పెట్టె తెస్తావు గదా, సిలవ మాత్రం పీకొద్దు అబ్బోడా అనింది. బతికినన్నాళ్ళూ దాచిపెడితిని, సచ్చినాకన్నా నా నెత్తిమింద ఉండనీ అనింది. నీకంటే ముందు నేనే పడుకుంటానేమో అందులో అన్నాను. నువ్వు పట్టవులే, కాళ్ళు బయటికొస్తాయి అనింది. నవ్వుతూనే చెయ్యి చాపింది. చేతిలో చెయ్యి వేయించుకునేదాకా వదల్లేదు.

జూలై 3, గురువారం

రేవతికి టీచరు పోస్టు వచ్చింది! ఎస్సీ కోటాలో. 24న సర్టిఫికెట్లు చూస్తారట. వాళ్ళ నాయన మునికృష్ణ, నాగులమ్మ కొడుకు, ఆటోకు పూలదండ వేసి వీధంతా తిరిగి స్వీట్లు పంచాడు. నాకు రెండు పెట్టాడు. షుగరు అన్నాను. ఈ పొద్దు షుగరు ల్యా, బీపీ ల్యా, తినన్నా అన్నాడు. తిన్నాను. రేవతి మా సండేస్కూల్లో వాక్యాలు గడగడా అప్పజెప్పి ఏటా స్టీలు డబ్బా గెలిచేది. వాళ్ళింట్లో పప్పులూ ఉప్పులూ అన్నీ దేవుడి వాక్యం డబ్బాల్లోనే.

లిస్టులో రేవతి తర్వాతి పేరు రఘునాథ్. గోవిందస్వామి కొడుకు. రేవతి తప్పుకుంటే తప్ప వాడికి రాదు. స్వీటు ఇస్తే గోవిందస్వామి తీసుకున్నాడట. తినలేదట. స్టెల్లా చూసింది. స్టెల్లా చూడనిది ఈ వీధిలో జరగదు.

జూలై 8, మంగళవారం

పొద్దున మునికృష్ణ ఫోను. అన్నా, బిన్నా రా, ఆలస్యం సేయొద్దు, వీఆర్వో వస్తాండాడు అని. ఎవరో అర్జీ పెట్టారు, ఈ కుటుంబం చర్చికి పోతుందని. పేరు లేని అర్జీ. ఎవరని ఎవరూ అడగలేదు. ఎదురింటి గేటు మూసి ఉంది.

నేను పోయేసరికి ఇంట్లో దేవుళ్ళు మారుతున్నారు. వాక్యం క్యాలెండరు తీసి వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలిస్తున్నారు. స్వామి క్యాలెండరు చిన్నది. పాతదాని చుట్టూ సున్నం మాసింది, నాలుగు పక్కలా తెల్ల పట్టీ కనిపిస్తోంది. నేనే ఇంకో మేకు కొట్టి స్వామిని పక్కకు జరిపి, ఆ తెల్లచోట పెద్ద అద్దం తగిలించాను. రేవతి వాక్యం డబ్బాలు మంచం కిందికి తోసింది. నాగులమ్మ మూలన కూర్చుని చూస్తోంది. పరీక్షకు నేను కూడా రెడీ కావాల్నా అని అడిగింది. ఎవరూ నవ్వలేదు.

వీఆర్వో వచ్చినప్పుడు చుట్టిన క్యాలెండరు నా చంకలోనే ఉంది. చర్చి మనిషివి నువ్వేం చేస్తాండావు ఈడ అన్నాడు. బీపీ చూడ్డానికి వచ్చాను సార్ అన్నాను. మిషను లేదు చేతిలో. ముసలామె మీ చర్చికి వస్తుందా అన్నాడు. మాత్రలకు వస్తుంది సార్, శనివారం, గేటు బయటికి అన్నాను. అబద్ధం కాదు. ఆయన రాసుకున్నాడు. నాగులమ్మ నన్నే చూస్తోంది.

ఆయన పోయాక అనింది, బాగా సెప్పినావు అబ్బోడా, ఏసయ్యను ఎరగనన్న ఆ పేతురుకు కోడి కూసింది, నీకు బీపీ మిషను కుయ్యిమంటుందేమో సూసుకో. ఈసారి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూలై 9, బుధవారం

ఏ కోడీ కూయలేదు. మా వీధిలో ఉన్నవి చికెన్ సెంటర్లే.

జూలై 13, ఆదివారం

కొత్త పాస్టర్ రూపేష్ గారు ఆరాధన అయ్యాక పిలిచారు. వయసు ముప్పై రెండు, ఇస్త్రీ నలగదు. బాక్స్ మీద సిలువ విప్పుతారంట కదా బ్రదర్, అదేమన్నా బండి స్టిక్కరా అన్నారు. పాత పద్ధతి చెప్పాను. ఆ సిలువ వద్దనుకునేవాళ్ళు వేరే బాక్స్ తెచ్చుకుంటారు, వెల్డింగ్ చేయించండి అన్నారు.

మామూలుగా ఇట్లాంటివి నేను లాగుతాను. వెల్డరు ఊళ్ళో లేడు, వెల్డరు కూతురి పెళ్ళి, వెల్డరుకు కంట్లో నలక, అట్లా ఒక ఏడాది. ఈసారి సరే అన్నాను. ఎందుకో నిజం రాసుకోవాలి. వెల్డింగ్ అయిపోతే నాగులమ్మకిచ్చిన మాట నేను నిలబెట్టక్కర్లేదు. అదే నిలబెట్టుకుంటుంది. రేపు మునికృష్ణ వచ్చి విప్పమన్నా, రాదు తమ్ముడూ అని చేతులెత్తేయొచ్చు. మనసులో చాలా తేలికైంది.

జూలై 15, మంగళవారం

వెల్డింగ్ అయింది. స్క్రూలు తీసేసి, కింద రెండు పక్కలా అతికించాడు. సిలువకున్న రెండు రంధ్రాలు ఖాళీగా అట్లాగే ఉన్నాయి. పూడ్చమంటావా అన్నాడు. ఉండనీ అన్నాను. నల్లద్దం పట్టుకుని గంటసేపు చూశాను. ఆ మంట కింద స్టీలు నీళ్ళలాగా కారింది. ఇనుమంటే ఇంతేనా అనుకున్నాను.

జూలై 18, శుక్రవారం, ఉదయం 6.40

నాగులమ్మ పోయింది. కాఫీ తాగుతూ గ్లాసు కింద పెట్టిందట. అంతే.

బాక్స్ కడగాలి.

జూలై 18, మధ్యాహ్నం 3

కూతురు పంకజాక్షి కువైట్ నుంచి రావాలి. ఆదివారం పొద్దునకు గానీ రాదు. రెండు రోజులు పెట్టె తప్పదు. వ్యానులో ఎక్కించుకుని పోయాను. మునికృష్ణ వ్యాను దగ్గరికే వచ్చాడు. అన్నా, సిలవ తీసెయ్ అన్నాడు. రాదు తమ్ముడూ, వెల్డింగ్ అన్నాను. నేను ప్రాక్టీసు చేసుకున్న మాట. ప్రాక్టీసులో అతని ముఖం లేదు.

వేరే పెట్టె చూద్దామన్నాను. ఊళ్ళో షాపులకు ఫోన్ చేశాం, అన్నీ బయటికి వెళ్ళాయి. బట్ట కప్పుదామన్నాను. కప్పితే ఎత్తి సూస్తాడన్నా, సూడు యాడున్నాడో అన్నాడు. గోవిందస్వామి తన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో సెల్లు. 24కు ఆరు రోజులన్నా, ఆరే రోజులు అన్నాడు మునికృష్ణ. తల్లి పోయినవాడు రోజులు లెక్కపెడుతున్నాడు.

అప్పుడు రేవతి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు లేదు. పెద్దనాయనా, కోసెయ్యి అనింది. మీ అవ్వకు మాటిచ్చానమ్మా అన్నాను. నేనూ ఇచ్చినా పెద్దనాయనా, టీచరైతానని. ఆయమ్మ పదకొండేండ్లు నోరు మూసుకున్నది దేనికోసరం అనింది.

సరేనమ్మా, మీ అవ్వ దగ్గర సిలువ ఉండదు, మాట అన్నాను.

వ్యాను తిప్పి వెల్డరు షాపు వెనక్కి పెట్టాం. వాడు లేడు, తమ్ముడు హ్యాక్సా బ్లేడు ఇచ్చాడు. నలభై నిమిషాలు కోశాను. రెండు బ్లేడ్లు విరిగాయి. రేవతి సిలువను రెండు చేతులతో పట్టుకుంది, కింద పడి శబ్దం కాకుండా. చివరికి దాని చేతిలోకి ఊడి వచ్చింది. కాలుతాంది పెద్దనాయనా అనింది. కోత వేడి. కింద పెట్టమన్నాను. పెట్టలేదు.

నాగులమ్మను పెట్టెలో పడుకోబెట్టాను. తక్కువ బరువు. గోవిందస్వామి దండ వేయడానికి వచ్చాడు. తలవైపు వంగి, కోసిన చోట బొటనవేలితో తడిమాడు. దండ వేసి వెళ్ళిపోయాడు.

జూలై 19, శనివారం

బీపీ టేబుల్ వెయ్యలేదు. సిలువ నా దగ్గరే ఉంది. కోసిన అంచులు ఆకురాయితో అరగదీశాను. రేపు పాడె మీద ఆమె తలకింద పెట్టే చీర మడతలో దీన్ని పెడతాను. పెట్టెలోంచి ఎత్తేది నేనే, తలవైపు పట్టుకునేది నేనే. ఎవరికీ తెలియదు. వాళ్ళవాళ్ళంతా మట్టి చేసేవాళ్ళే, మట్టిలో ఏముందో ఎవరూ చూడరు. ఆమె మాటా నిలబడుతుంది, రేవతి ఉద్యోగమూ నిలబడుతుంది. నా బుర్రకు ఇంత తెలివి ఎప్పుడూ రాలేదు.

స్టెల్లా అడిగింది, అంతసేపు ఎందుకు రుద్దుతాండావని. గుచ్చుకోకుండా అన్నాను. చచ్చినవాళ్ళకు గుచ్చుకోదని నాకూ తెలుసు.

జూలై 20, ఆదివారం

పాస్టర్ గారిని వచ్చి వెనకాల నిలబడి మనసులో ప్రార్థన చేయమన్నాను. ఆమె మన రిజిస్టర్లో లేదు కదా బ్రదర్ అన్నారు. మీరన్నది నిజమే సార్ అన్నాను.

పలకలు కొట్టేవాళ్ళు వచ్చారు. దాసరి వచ్చి శంఖం ఊదాడు. నాగులమ్మ నుదుటి మీద పెద్ద నామం పెట్టారు. పంకజాక్షి ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వచ్చి ఆ నామం చూసి, మాయమ్మేనా ఇది అనింది. మునికృష్ణ గమ్మునుండు అన్నాడు. ఎత్తేటప్పుడు నేను అనుకున్నట్టే పెట్టేశాను. ఒక్క క్షణం పని. తలకింద గట్టిగా తగులుతుందేమో, కొంచెం సర్దాను కూడా.

పాడె లేచాక, వీధి చివర గోవిందస్వామి అన్నాడు. గుంత తవ్వి పూడిస్తే మీ చర్చోళ్ళ మాదిరే గదా మునికృష్ణా, రేపు ఎవురన్నా అడిగితే ఏం సెప్తావు అని. చాలా మెల్లగా, అయినవాడిలాగా అన్నాడు. మునికృష్ణ ఆగిపోయాడు. వాళ్ళ నాయన్నీ తాతనూ మట్టే చేశారు, అంతా హిందువులే. ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. భయపడేవాడికి సొంత ఆచారం గుర్తుండదు. అయితే కాలుస్తాం అన్నాడు మునికృష్ణ. కరెంటు దహనవాటికకు తిప్పండి అన్నాడు.

నేను పాడె ముందు పక్క మోస్తున్నాను. దహనవాటికకు మూడు కిలోమీటర్లు. చెప్పడానికి మూడు కిలోమీటర్ల టైముంది. చెబితే అందరి ముందూ తీయాలి. చెప్పలేదు. వెల్డింగ్ షాపులో స్టీలు నీళ్ళలాగా కారడం కళ్ళారా చూశాను కదా. మనిషినే మిగల్చని మంట, జానెడు స్టీలును మిగులుస్తుందా. అట్లా అనుకున్నాను. తలుపు మూశారు. చప్పుడు కూడా అదే, వెల్డింగ్ చప్పుడు.

జూలై 21, సోమవారం

మిగిల్చింది.

అస్థికలకు మునికృష్ణ, నేను, వీధిలోవాళ్ళు నలుగురు. నలుగురిలో గోవిందస్వామి ఒకడు. అక్కడి పనివాడు కుండ ఇచ్చాడు. తర్వాత పేపర్లో ఇంకోటి తెచ్చి, ఇది మీదేనా అప్పా, సిలవ, కాల్లేదు అన్నాడు. నల్లగా, నీలంగా, చెక్కు చెదరకుండా ఉంది.

మునికృష్ణ నా వైపు తిరిగాడు. నాది అన్నాను. నీది ఆయమ్మ కింద ఎట్లుండాది అన్నాడు పనివాడు. పాపం, ఊరికే అడిగాడు. మా పెట్టెది, ఊడి బట్టల్లో పడినట్టుంది అన్నాను. ఇదీ అబద్ధం కాదు, సగం. గోవిందస్వామి దగ్గరికొచ్చి చూశాడు. దాని మీద రెండు రంధ్రాలున్నాయి. సెల్లు తీశాడు. కుండ, బూడిద, సిలువ, మూడూ వచ్చేట్టు వెనక్కి జరిగి ఫోటో తీశాడు.

మునికృష్ణ ఆటోలో నన్ను ఎక్కించుకోలేదు. నడిచి వచ్చాను. చేతిలో పేపరు.

జూలై 24, గురువారం

వెరిఫికేషన్. రేవతి ఫైలు పక్కన పెట్టారు. ఇంకో అర్జీ వచ్చిందట, ఈసారి ఫోటోతో. విచారణ తేలేదాకా పెండింగ్.

ఆగస్టు 2, శనివారం

బీపీ టేబుల్. గోవిందస్వామి వచ్చి లైన్లో నిలబడ్డాడు. వెళ్ళిపొమ్మనాలనిపించింది. చెయ్యి చాపాడు. పట్టీ చుట్టాను. మామూలు కంటే గట్టిగా చుట్టానని ఒప్పుకుంటాను.

170. మాత్ర మానేసినావా అన్నాను. నిద్ర పట్టల్యా అన్నాడు. నీ మింద కోపం ల్యాదప్పా ఏబెలూ, మావోడు నాలుగేండ్లు ఆ కోచింగ్ సెంటర్లో కుళ్ళినాడు, అమ్మ పోయినాక ఆ పిల్లోడు నవ్వింది నేను సూళ్ళేదు అన్నాడు. నిర్మలకు ఆ సిలవ విప్పింది నేనే గదా, ఆ రెండు బొక్కలు సూడంగానే తెలిసిపాయ అన్నాడు. ఆ రోజు తువ్వాలులో ఎందుకు చుట్టావు మరి అని అడిగాను. పట్టీ తనే విప్పుకున్నాడు. నెలకు సరిపడా మాత్రలు ఇచ్చాను. రాసుకున్నాను. ఈయన పేరు రాయడానికి మా దగ్గర ఏ అడ్డూ లేదు.

ఆగస్టు 11, సోమవారం

రఘునాథ్‌కు పిలుపొచ్చింది. రేవతి సర్టిఫికెట్ మీద విచారణ ఎప్పటికి తేలుతుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఆగస్టు 13, బుధవారం

రేవతి ఇంటికొచ్చింది. కూర్చోలేదు. ఎందుకు పెట్టినావు పెద్దనాయనా అనింది. మీ అవ్వకు మాటిచ్చాను అన్నాను. కోసిన పొద్దు నాకూ ఇచ్చినావు గదా అనింది. అవును అన్నాను. ఇద్దరికీ ఎట్ల ఇస్తావు అనింది. తెలియదమ్మా, ఎవరైనా అడిగితే లేదనడం నాకు చేతకాదు, అదే నా ఉద్యోగం అన్నాను. జోకు అనుకునే అన్నాను. స్టెల్లా లోపల ఏడుస్తోంది.

అది యాడుండాది అనింది. పేపర్లోనే ఉందని బీరువా మీదినుంచి దించి ఇచ్చాను. విప్పి చూసింది. సబీనా పొడి ఉందా అని అడిగింది. పెరట్లో కూర్చుని తోమింది, చాలాసేపు. నలుపు పోలేదు.

ఆగస్టు 17, ఆదివారం

సిలువ మళ్ళీ బిగించాం, నేనూ రేవతీ, పాత రంధ్రాల్లోనే, రెండు స్క్రూలు. వెల్డింగ్ సంగతి పాస్టర్ గారు అడగలేదు.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, పెట్టె కావాలని. హిందువుల ఇల్లు. రేవతి వ్యానులో ఎక్కి కూర్చుంది. గల్లీ మలుపులో ఆగి, విప్పుదామని జేబు తడుముకున్నాను.

స్క్రూడ్రైవర్ రేవతి దగ్గరుంది. ఇవ్వనంటోంది.